బడి తెరిచే వారం, కాలువకి నీళ్ళొచ్చే వారం: డెల్టా తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఒక పంట కాలువ గట్టు మీద మా బడి. ఇరవై ఏళ్ళకి పైగా ఇక్కడే పాఠాలు చెప్తున్నాను. ఏటా జూన్ వచ్చేసరికి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కొన్ని మీటింగులో అందరి ముందూ అడుగుతారు. మిగతావి సంతలో వంకాయలు ఏరుకుంటుంటే పక్కకొచ్చి మెల్లగా అడుగుతారు. అసలైనవి ఆ రెండో రకమే. రెంటినీ కలిపి ఇక్కడ రాశాను.

అన్ని ఊళ్ళలోనూ బళ్ళు తెరుస్తారు కదా. మన గోదారి జిల్లాలకి వేరే జాగ్రత్తలేముంటాయండీ?

ఒకసారి క్యాలెండర్ చూడండి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల్ని వేసవిలో మరమ్మతుల కోసం కట్టేస్తారు. ఖరీఫ్ కోసం జూన్ మొదట్లో మళ్ళీ వదులుతారు. బళ్ళు తెరిచేది జూన్ రెండో వారంలో. వేసవంతా ఎండిన కాలువలో క్రికెట్ ఆడిన పిల్లాడు బ్యాగు తగిలించుకుని అదే గట్టు మీద నడిచేసరికి కింద నిండు కాలువ ఉంటుంది. వాడి కళ్ళకి మాత్రం అది ఇంకా ఆటస్థలమే. పైగా వేసవిలో పూడిక తీస్తారు, మట్టి తవ్వుకుపోతారు. పోయినేడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు ఎంత లోతుందో పెద్దవాళ్ళకే తెలీదు.

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి మన ఊళ్ళు కాలువల్ని పట్టుకునే పెరిగాయి. గుడి, బడి, సంత అన్నీ గట్టు మీదే. అందుకే "కాలువ వైపు వెళ్ళకు" అని మనం చెప్పినా ఆ మాట నిలవదు. బడికెళ్ళే దారే అది. ఎలా వెళ్ళాలో నేర్పడమొక్కటే మన చేతిలో ఉంది.

మా వాడికి ఈత వచ్చు. ఇంకా భయమెందుకు?

ఈత నేర్పడం మంచి పనే, నేర్పని వాళ్ళుంటే ఈ వేసవికైనా పెద్దవాళ్ళ చేత దగ్గరుండి నేర్పించండి. కానీ మీ వాడు నేర్చుకున్నది నిక్కరుతో, పగటిపూట, పక్కన బాబాయి ఉండగా. ప్రమాదం వచ్చేటప్పుడు ఒంటి మీద యూనిఫాం ఉంటుంది, వీపు మీద తడిసిన బ్యాగు ఉంటుంది. లాకుల దగ్గర, తూముల దగ్గర నీరు పైకి నిదానంగా కనిపిస్తూ లోపల లాగేస్తుంది. అక్కడ గజ ఈతగాళ్ళే చేతులెత్తేస్తారు. గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువ ఇంకో రకం. పైన పచ్చటి తివాచీ పరిచినట్టుంటుంది, కాలు వేస్తే కాడలు కాళ్ళకి చుట్టుకుంటాయి. రొయ్యల చెరువుల గట్లు నున్నగా, ఏటవాలుగా ఉంటాయి. జారితే పట్టుకుని పైకి రావడానికి గడ్డిపోచ కూడా ఉండదు.

పిల్లలకి మూడు మాటలు చాలు. రేవులో పెద్దవాళ్ళు లేకుండా మెట్టు దిగకూడదు. లాకుల గోడల మీద నడవకూడదు. నీళ్ళలో ఏది పడినా దాని వెంట వెళ్ళకూడదు. ఈ మూడోది అందరూ మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను.

ఏదైనా నీళ్ళలో పడితే వెళ్ళొద్దని చెప్తే వింటారా?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా చిన్నాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. బడి తెరిచే ముందురోజు కొత్త చెప్పులు కొన్నాం. మర్నాడు సాయంత్రం బడి నుంచి వస్తూ రేవులో కాళ్ళు కడుక్కుంటుంటే ఎడమకాలి చెప్పు జారి నీళ్ళలో పడింది. మునగలేదు, తేలుతూ మెట్టు పక్కనే ఆగినట్టు ఆగింది. వీడు ఒక మెట్టు దిగాడు, ఇంకో మెట్టు దిగాడు. నాలుగో మెట్టు నిండా నాచు. అక్కడ బట్టలుతుకుతున్న ఒకావిడ చేతిలో చీర వదిలేసి వీడి జుట్టు దొరకబుచ్చుకుంది. చీర కొట్టుకుపోయింది.

ఇంటికొచ్చి గుమ్మంలో ఒంటి చెప్పుతో నిలబడ్డాడు. నడుము దాకా తడి. "అమ్మా, తిట్టవు కదా" అన్నాడు. చచ్చేంత ప్రమాదం దాటొచ్చిన వాడికి ఆ సమయంలో ఉన్న భయం నేను తిడతానని. ఎందుకుండదు? చెప్పుల కొట్లో నేనే అన్నాను, "ఇవి గానీ పారేసుకున్నావంటే చంపేస్తా" అని. బడి పిల్లలకి జాగ్రత్తలు చెప్పే టీచర్ని, మా వాణ్ణి ఆ నాలుగో మెట్టు దాకా దింపింది నా మాటే.

అప్పటి నుంచి ప్రతి జూన్‌లో పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. చెప్పు పోతే పోనీ, టిఫిన్ డబ్బా పోతే పోనీ, బ్యాగు పోతే పోనీ. మీరూ చెప్పండి. కొనేటప్పుడే, కొట్లోనే చెప్పండి. చెప్పాక నిజంగా పోగొట్టుకొచ్చినప్పుడు నోరు అదుపులో పెట్టుకోండి, కష్టమే అయినా.

ఎవరైనా మునిగిపోతుంటే పిల్లలు ఏం చెయ్యాలి?

దూకకూడదు. ఒకణ్ణి కాపాడబోయి ఇద్దరు ముగ్గురు స్నేహితులు వరసగా పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మునిగేవాడు దొరికినదాన్ని గట్టిగా వాటేసుకుంటాడు, అది తన ప్రాణ స్నేహితుడి మెడైనా సరే. గట్టు మీదుండి గట్టిగా కేకలెయ్యాలి. వెదురు గడ, తాడు, కొబ్బరి మట్ట, చున్నీ, ఏది అందితే అది అందించాలి. బోర్లా పడుకుని అందిస్తే వాళ్ళు మనల్ని లాగెయ్యరు. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా విసిరినా మనిషి తేలతాడు. మా బడి పక్క రేవులో ఒక చింతచెట్టుకి పొడుగాటి తాడు, రెండు ఖాళీ డబ్బాలు కట్టి ఉంచాం. ఎవరో ఒకసారి ఆ తాడు గేదెకి కట్టుకోవడానికి పట్టుకెళ్ళారు, మళ్ళీ కట్టాం.

బయటికి తీశాక బోర్లా వేసి పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలంటారు. నిజమేనా?

కాదు. కాళ్ళు పట్టి తలకిందులుగా తిప్పడం, కడవ మీద బోర్లా వెయ్యడం మన ఊళ్ళలో ఇంకా చేస్తున్నారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం కూడా ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరుందో లేదో చూడండి. లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30సార్లు నొక్కి, రెండుసార్లు ఊదండి. నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో ఉండాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. ఊపిరుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడి బట్టలు మార్చండి. లేచి కూర్చుని నవ్వినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయి ఉంటే కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవచ్చు.

ఇది చదివితే రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) సిబ్బందిని అడిగి మీ బళ్ళో ఒక పూట బొమ్మ మీద చేయించండి.

బడికి వెళ్ళే దారి సురక్షితమో కాదో ఎలా తెలుస్తుంది?

నడిచి చూస్తే తెలుస్తుంది. బైక్ మీద వెళ్తే తెలీదు. బడి తెరవడానికి ఒకటి రెండు రోజుల ముందు, పిల్లలు వెళ్ళే వేళకే, పిల్లని ముందు నడిపించి మీరు వెనక నడవండి. దారి మీరు చూపించకూడదు, వాళ్ళు చూపించాలి. అప్పుడు బయటపడుతుంది, మీరనుకునే సిమెంటు రోడ్డు మీద కాకుండా వాళ్ళు పుంతలోంచి, ఎవరిదో కొబ్బరితోటలోంచి, పిట్టగోడ లేని కల్వర్టు మీంచి వెళ్తున్నారని. "ఇక్కడెందుకు పరిగెడుతున్నావు?" అని అడిగితే "ఈ ఇంట్లో కుక్క ఉంది" అంటారు. "ఇటెందుకు చుట్టూ తిరిగావు?" అంటే "అక్కడ తాగి కూర్చుంటారు" అంటారు. ఇంట్లో కూర్చోబెట్టి ఎన్నిసార్లు అడిగినా ఈ జవాబులు రావు.

కొబ్బరికాయలు ఎగుమతి చేసే చోట లారీలు వెనక్కి వస్తుంటాయి, డ్రైవరుకి పిల్లలు కనబడరు. ఆ వైపు నుంచి నడవకుండా చూడండి. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్ళే 216 జాతీయ రహదారి అమలాపురం, రాజోలు మీదుగా ఊళ్ళ మధ్యలోంచే పోతుంది. దాన్ని దాటాల్సిన పిల్లలకి దాటే చోటు ఒక్కటే చూపించండి, రోజూ అక్కడే దాటమనండి. పదేళ్ళలోపు పిల్లలు వచ్చే బండి వేగాన్ని సరిగ్గా అంచనా వెయ్యలేరు, అందుకని చిన్నవాళ్ళని పెద్ద పిల్లలు చెయ్యి పట్టుకుని దాటించాలి. కల్వర్టుకి పిట్టగోడ లేకపోతే గ్రామ సచివాలయంలో అర్జీ ఇవ్వండి, ఫొటోతో సహా. అది వచ్చేలోపు రెండు వెదుళ్ళు అడ్డంగా కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆటోలో పంపుతున్నాం. పన్నెండు మందిని ఎక్కిస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?

ఆ ఆటో ఎక్కించకండి. ఇంత సూటిగా చెప్తే కోపమొస్తుందని తెలుసు. ముగ్గురు ప్రయాణికుల కోసం చేసిన బండది. డ్రైవరుకి రెండు పక్కలా పిల్లలు కూర్చుంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు. బయటికి వేలాడే బ్యాగు పక్క బండికి తగిలితే చాలు, పిల్లాడు బ్యాగుతో పాటే పోతాడు. కాలువ గట్టు మలుపులో అలాంటి ఆటో ఒరిగితే ఎటు పడుతుందో చెప్పక్కర్లేదు.

ఆటోవాడు ఒక్కడే తప్పు చేస్తున్నాడని కూడా అనను. తలా కొంచెం తక్కువ ఇస్తామని మనమే బేరమాడతాం, ఆ తక్కువని అతను తలలు పెంచి పూడ్చుకుంటాడు. నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి రెండు ఆటోలు మాట్లాడుకుంటే లెక్క సరిపోతుంది. డ్రైవరు లైసెన్సు ఫొటో తీసుకోండి, కుడివైపు ఇనుప రాడ్ వేయించమనండి. పొద్దున్న ఎక్కించేటప్పుడు అతని నోటి దగ్గర వాసన చూసినంత పని చెయ్యండి, మొహమాటం వద్దు.

స్కూల్ బస్సయితే నిశ్చింతగా ఉండొచ్చా?

కొంతవరకు. ఏటా రవాణా శాఖ దగ్గర ఫిట్‌నెస్ చేయించాలి, ఆ కాగితం ఈ ఏడాదిదో కాదో చూపించమనే హక్కు మీకుంది. అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, దాని ముందు బ్యాగులు పేర్చారా, మంటలార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉన్నాయా, సహాయకుడున్నాడా చూడండి. కానీ ఎక్కువ భయపడాల్సింది దిగే క్షణం. దిగిన పిల్ల బస్సు ముందు నుంచి దాటబోతే డ్రైవరుకి కనబడదు. చున్నీ, బ్యాగు పట్టీ తలుపులో ఇరుక్కుంటాయి. బస్సు కదిలి వెళ్ళిపోయేదాకా పక్కన నిలబడమని నేర్పండి. మీరు రోడ్డుకి అవతల నిలబడి "రా రా" అని చెయ్యి ఊపకండి. వాళ్ళు మిమ్మల్నే చూస్తారు, రోడ్డు చూడరు.

తొమ్మిదో తరగతి అబ్బాయి స్కూటీ మీద వెళ్తానంటున్నాడు. ఊళ్ళోనే కదా?

వద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే బండి ఇచ్చిన తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళ వరకు లైసెన్సు రాదు. సైకిల్ కొనివ్వండి, వెనక ఎర్ర స్టిక్కరు అంటించండి. మీరు బండి మీద దింపేటట్టయితే నాలుగేళ్ళు దాటిన పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. వాళ్ళ సైజుదే కొనాలి. నాన్న హెల్మెట్ పిల్ల తలకి బోర్లించిన గిన్నెలా ఊగుతుంటే ఉపయోగం లేదు.

మాది లంక, గోదారి మధ్యలో ఊరు. పడవ దాటి బడికెళ్ళాలి. మానిపించలేం కదా?

మానిపించకండి. వరద రోజుల్లో మాత్రం మానిపించండి, హాజరు పోతే పోయింది.

2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటు పడవ ఒకటి కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. అందులో బడి నుంచి ఇళ్ళకెళ్తున్న పిల్లలున్నారు. అది విన్నప్పటి నుంచి లంక పిల్లలు గంట ఆలస్యంగా వచ్చినా నేను ఎందుకని అడగను. ఆలస్యమైందని కొడతారన్న భయంతో నిండిన పడవలోకి దూకే పిల్లలుంటారు. మాస్టార్లు, టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి.

లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి, బకిల్స్ బిగించి ఉండాలి. బ్యాగు భుజానికి తగిలించుకోకుండా ఒళ్ళో పెట్టుకోవాలి. మధ్యలో లేచి నిలబడకూడదు, ఫొటోల కోసం అందరూ ఒకే వైపు ఒరగకూడదు. పడవ అంచుకీ నీటికీ మధ్య జాన కూడా లేకపోతే ఆ పడవ ఎక్కకూడదు. తర్వాతి దాంట్లో వెళ్ళాలి. పడవ నడిపే ఆయన మీ బంధువే అయినా సరే.

వరద వస్తోందని ఎప్పుడు తెలుస్తుంది? బడికి పంపాలా వద్దా ఎలా తేల్చుకోవాలి?

టీవీలో చెప్పే అంకెలు అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలంలో పెరిగిన నీరు వెంటనే మన మీదికి రాదు, వచ్చేలోపు సర్దుకునే సమయం ఉంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. లంకల్లో ఇళ్ళ చూరుల దాకా నీళ్ళు చూశాం.

నా లెక్క ఇది: ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పడితే లంక పిల్లల్ని పంపకండి, కలెక్టరుగారు సెలవు ప్రకటించేదాకా ఆగక్కర్లేదు. పొద్దున్న వెళ్ళడానికి దారి ఉండొచ్చు, సాయంత్రం రావడానికి ఉండకపోవచ్చు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే (పాయ మీద ఎత్తు తక్కువగా వేసిన దారి) లాంటివి వరదలకి మునుగుతూనే ఉంటాయి. కాజ్‌వే మీద నీరు పాదాల లోతే ఉన్నా పారుతూ ఉంటే పిల్లల్ని నడిపించకండి. కింద రోడ్డుందో కోసుకుపోయిందో తెలీదు. నీటి ఉరవడికి చిన్న పిల్లల కాళ్ళు నిలవవు.

వరద తీశాక బడి మళ్ళీ తెరిచే రోజు ఇంకో జాగ్రత్త. చాలా బళ్ళు పునరావాస కేంద్రాలుగా ఉంటాయి. గదులు కడిగి, గోడలు చూసుకుని, ట్యాంకులో బ్లీచింగ్ వేసి, మూలల్లో పాముల్లేవని చూశాకే పిల్లల్ని కూర్చోబెట్టాలి. అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు.

పాముల సంగతేంటి?

నాట్ల కాలం, వాటి కాలం ఒకటే. పొలాల్లో నీళ్ళు నిండితే కప్పలు గట్ల మీదికి, వాటి వెంట పాములు. బూట్లు వేసుకునే ముందు దులపాలి. గట్టు మీద గడ్డిలో కాకుండా దారి మధ్యలో, కాళ్ళు గట్టిగా వేస్తూ నడవాలి. కట్లపాము రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు. పొద్దున్నే లేచి కడుపునొప్పి, కళ్ళు మూతలు పడుతున్నాయి అంటే బడి ఎగ్గొట్టడానికి నాటకమని తీసిపారెయ్యకండి.

కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. పిల్లని నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా స్కేలు, కర్ర ఏదో పెట్టి వదులుగా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విరుగుడు ఇంజెక్షన్ ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి. ఇక్కడా అదే చిక్కు. తాటాకుల కుప్పలో చెయ్యి పెట్టొద్దని చెప్పినా పెట్టి కరిపించుకున్న పిల్ల ఇంట్లో చెప్పదు, "ముల్లు గుచ్చుకుంది" అంటుంది. తిట్టరని తెలిస్తేనే నిజం చెప్తుంది.

కుక్క కరిస్తే?

కారం, సున్నం, పసుపు పెట్టకండి. సబ్బుతో, ధార కింద పదిహేను నిమిషాలు కడగండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గీరుకున్నా సరే. టీకా ఎన్ని డోసులు చెప్తే అన్నీ వేయించాలి, రెండు వేయించి మానెయ్యకూడదు.

కరెంటు, గ్యాస్ పైపుల గురించి పిల్లలకి చెప్పాలా?

చెప్పాలి. వానాకాలంలో స్తంభాన్ని గానీ, దానికి దన్నుగా కట్టిన స్టే వైరును గానీ ముట్టుకోకూడదు. తెగి పడిన తీగ చనిపోయినట్టు కనిపిస్తుంది, చనిపోదు. దూరంగా ఉండి పెద్దవాళ్ళకి చెప్పాలి, 1912కి ఫోన్ చెయ్యాలి. రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి వేసిన వైర్లు గట్ల మీద పడి ఉంటాయి. ఆ గట్లు పిల్లల దారిలో ఉంటే దారి మార్చండి. పిడుగులు పడేటప్పుడు కొబ్బరిచెట్టు కింద నిలబడకూడదు.

2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను లీకై, మంటలంటుకుని 20 మందికి పైగా పోయారు. అదీ బళ్ళు తెరిచిన నెలే. దారిలో గ్యాస్ వాసన వస్తే, బుసబుసమని చప్పుడు వినిపిస్తే గాలి వచ్చే వైపుకి దూరంగా వెళ్ళాలని, అక్కడ బండి స్టార్ట్ చెయ్యకూడదని, ఫోన్ తియ్యకూడదని చెప్పండి. దూరం వెళ్ళాకే ఫోన్.

నీళ్ళు, తిండి, జ్వరాలు?

కాచి చల్లార్చిన నీళ్ళ సీసా, తినే ముందు సబ్బుతో చేతులు. జూన్ ఎండలు మనవైపు ఉక్కపోతతో కలిసి వస్తాయి కాబట్టి సీసా ఖాళీగా తెచ్చిందా నిండుగా తెచ్చిందా సాయంత్రం చూడండి. నిండుగా తెస్తే తరచుగా కారణం దాహం లేక కాదు, బడిలో బాత్‌రూమ్ బాగోలేక. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళలో కలిపి పట్టండి. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, బడి గోడ పక్కన కొబ్బరి చిప్పల్లో నీళ్ళుంటే బోర్లించండి.

"మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ" అని చెప్పాం. అది చాలా?

చాలదు. ఏడేళ్ళ పిల్లకి "చెడ్డ" అంటే నొప్పి. ఎవరైనా మెల్లగా, చాక్లెట్ ఇచ్చి ముట్టుకుంటే అది చెడ్డదని ఎలా తెలుస్తుంది? అందుకే నేను ఇంకోలా చెప్తాను. ఒంటి మీద బట్టలు కప్పే చోట్లు నీవి. నీళ్ళు పోసేటప్పుడు అమ్మో నాన్నమ్మో, జబ్బు చేస్తే అమ్మ పక్కనుండగా డాక్టరో తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, చూడకూడదు, తమవి నీకు చూపించకూడదు. ముఖ్యంగా, "ఎవరికీ చెప్పకు" అని ఎవరన్నా అంటే అది వెంటనే చెప్పాల్సిన విషయం. వాళ్ళు మావయ్యైనా, ట్యూషన్ సారైనా, ఆటో అన్నయ్యైనా. ఎక్కువసార్లు ఇలాంటివి చేసేది పిల్లకి తెలిసినవాళ్ళే. మగపిల్లలకీ ఇదే పాఠం.

పిల్ల చెప్పినప్పుడు మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "నువ్వు అక్కడికెందుకెళ్ళావు?" అయితే రెండో మాట ఇంక ఎప్పటికీ వినబడదు. "చెప్పి మంచి పని చేశావమ్మా, నీ తప్పేం లేదు" అనండి. మళ్ళీ మళ్ళీ గుచ్చి అడగకండి, ఆ రోజు బట్టలు ఉతకకండి. పిల్లల్ని లైంగిక దాడుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరికీ వర్తిస్తుంది. ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పడం బాధ్యత, చెప్పకపోవడం నేరం. పిల్ల దగ్గరికి పోలీసు యూనిఫాంలో రాకూడదు, పిల్ల ఇంట్లోనో, తను కోరుకున్న చోటో మాట తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి. పేరు, ఫొటో బయటికి రాకూడదు. ఊళ్ళో "పెద్దల్లో పెట్టి" రాజీ చేద్దామనేవాళ్ళుంటారు. ఈ కేసుల్లో రాజీ లేదు. పరువు అంటారు. పరువు పోవాల్సింది చేసినవాడిది.

టీచర్లు కొడితే ఏం చెయ్యాలి? చదువు కోసమే కదా కొట్టేది?

విద్యా హక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మనసు గాయపరచడాన్ని రెంటినీ నిషేధించింది. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బెత్తం పట్టినదాన్నే, అందుకని గొప్పలు చెప్పుకోను. ముందు హెడ్మాస్టరుతో మాట్లాడండి, కదలకపోతే మండల విద్యాధికారికి (ఎంఈఓకి) రాసివ్వండి. "నాలుగు తగిలించండి టీచర్‌గారూ, మేమేమీ అనుకోం" అనే తల్లిదండ్రులకి నాదొక మనవి. ఆ మాట పిల్ల వింటోంది. రేపు బడిలో తనకేదైనా జరిగితే మీకు చెప్పి లాభం లేదని అప్పుడే తేల్చేసుకుంటుంది.

నిన్నటిదాకా హుషారుగా ఉన్న పిల్ల బడికి వెళ్ళనంటోంది.

మొదటి వారం అయితే చాలామందికి అంతే, అమ్మమ్మగారింటి నుంచి వచ్చిన బెంగ. రెండు వారాలు దాటినా పొద్దున్నే కడుపునొప్పి వచ్చి ఆదివారం రాకపోతే, పక్క తడుపుతుంటే, ఒక మనిషిని చూసి దాక్కుంటుంటే కారణం వెతకండి. "ఎందుకు వెళ్ళవు?" అంటే గోడకి చెప్పినట్టే. "బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? ఇంటర్వెల్లో ఎవరితో ఆడావు? ఎవరి పక్కన కూర్చోవడం ఇష్టం లేదు?" అని జడ వేస్తూనో, చేపలు కడుగుతూనో అడగండి. ఎదురుగా కూర్చుని అడిగితే రాని మాట పని చేస్తుంటే వస్తుంది.

నేను వెళ్ళలేని రోజు పిల్లని ఎవరినైనా పంపి తెప్పించుకోవచ్చా?

ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకోండి. "గుత్తి వంకాయ" అనో "బొబ్బట్టు" అనో, మీ ఇష్టం. ఆ మాట చెప్పని మనిషి వెంట పిల్ల వెళ్ళకూడదు. బడిలో కూడా ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో రాసివ్వండి. వాడేసిన మాటని మళ్ళీ మార్చండి. బ్యాగు పైన కనబడేలా పేరు రాయకండి, పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుంటారు. లోపలి వైపు మీ ఫోన్ నంబరు రాయండి.

అత్యవసరానికి ఏ నంబర్లు పిల్లలకి నేర్పాలి?

112 అన్నిటికీ. 108 అంబులెన్సుకి. 1098 పిల్లల కోసమే, పిల్లలే చెయ్యొచ్చు. ఆన్‌లైన్లో డబ్బు మోసపోతే 1930. వీటికంటే ముందు అమ్మ నంబరు, నాన్న నంబరు కంఠతా రావాలి. గల్ఫ్‌లో ఉన్న నాన్న నంబరుతో పాటు ఇక్కడున్న తాతయ్యదో, పిన్నిదో కూడా.

ఇంకోటి. 108కి ఫోన్ చేశాక చోటు చెప్పడం రావాలి. "కాలువ దగ్గర" అంటే డెల్టా అంతా కాలువే. మా పిల్లల చేత ఏటా జూన్‌లో ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పిస్తాను: మండలం, ఊరు, దగ్గరి లాకు గానీ వంతెన గానీ, అక్కడి నుంచి కుడా ఎడమా. పోయినేడు ఒక రెండో తరగతి పిల్ల లేచి, "మండలం తెలీదు టీచర్, రామాలయం దాటాక రెండు చింతచెట్లు, మా తాతయ్య గట్టు మీద మంచం వేసుకుని ఉంటాడు" అంది. మండలం పేరు నేర్పాను. తాతయ్య మంచాన్ని మాత్రం తీసెయ్యమనలేదు. అంబులెన్సు డ్రైవరుకి అదే ముందు కనబడుతుంది.